పదమూడో అంశాన్ని ఏం చేశారు?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పురపాలక సంఘాల పాలకవర్గాలకు, కమిషనర్లకు,



"నాటకాలు ఎవురు చూస్తార్ సార్ ఇప్పుడు? సెల్లులో అన్నీ వస్తా ఉండాయి కదా!"

ఈ మాట అన్న అధికారి ఎవరో, ఏ ఊళ్ళో అన్నారో నేను రాయను. నాటకానికో హరికథకో అనుమతి కోసం అర్జీ పట్టుకుని తిరిగినవాళ్ళెవరైనా ఈ మాటను ఏదో ఒక రూపంలో వినే ఉంటారు. మేము ఆయన దగ్గరికి డబ్బులడగడానికి పోలేదు. ఒక పద్యనాటకం ఆడుకోవడానికి చోటు, అర్ధరాత్రి దాకా అనుమతి, ఈ రెండే మేము అడిగింది. చోటు కావాలంటే ఏదైనా కల్యాణ మండపం మాట్లాడుకోమన్నారు. రాత్రి పది కొట్టగానే మైకు కట్టెయ్యాలన్నారు. సరిగ్గా అంతకు ముందు వారమే అదే ఊళ్ళో ఒక సభ జరిగింది. ముఖ్య అతిథి రావడం ఆలస్యమైందని కోలాటం పిల్లల్ని ఎండలో ఆడించినారు, ఆపితే మళ్ళీ ఆడించినారు. అతిథి కారు మలుపు తిరిగిందో లేదో, పాట చరణం మధ్యలో ఉండగానే ఆపించినారు. ఆ పిల్లలు కోలలు చేత పట్టుకుని, దిగాలో ఉండాలో తెలియక స్టేజీ మెట్ల మీదే నిలబడిపోయినారు. వాళ్ళకు మంచినీళ్ళివ్వాలన్న సంగతి కూడా ఎవరికీ తట్టలేదు.

మీ సభకు జనం పోగయ్యేదాకా మాత్రం కళ కావాలి. జనం కూర్చున్నాక అది అడ్డం. ఈ వైఖరిని నేను ఒప్పుకోలేను. ఈ ఉత్తరం రాస్తున్నది అందుకే.

కళలు చూసుకోవడం మీ పని కాదని, భాషా సాంస్కృతిక శాఖ ఒకటుందని మీలో కొందరు అనవచ్చు. రాజ్యాంగం అలా అనలేదు. 1992లో వచ్చిన 74వ సవరణతో పన్నెండో షెడ్యూలు చేరింది. పట్టణ పాలక సంస్థలు చేయదగిన పనులు 18 అందులో ఉన్నాయి. పన్నెండో అంశం పార్కులు, తోటలు, ఆటస్థలాలు. పద్నాలుగో అంశం శ్మశానాలు. ఆ రెండింటికీ నడుమ పదమూడోది సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయాలను పెంపొందించడం. పార్కుకు గేటు పెడుతున్నారు, శ్మశానానికి ప్రహరీ కడుతున్నారు, మంచిదే. వాటి నడుమ ఉన్న అంశాన్ని దాటుకుని ఎట్లా పోగలిగారు? గత అయిదేళ్ళ బడ్జెట్టు పుస్తకాలు తిరగేసి, ఈ పద్దు కింద ఎంత రాశారో, అందులో జెండా పండుగల షామియానా ఖర్చు తీసేస్తే ఎంత మిగిలిందో చెప్పగలరా?

"జనం రారు" అనే మాట దగ్గరికే మళ్ళీ వస్తాను. అది అబద్ధమని మీ ఊళ్ళ చుట్టూ ఉన్న పల్లెలే ఎండాకాలంలో రుజువు చేస్తాయి. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర జరిగే భారతం ఉత్సవాలకు మీలో ఎంతమంది పోయినారో నాకు తెలియదు గానీ, రిబ్బను కత్తిరించి వచ్చేయడాన్ని పోవడమని నేననను. మధ్యాహ్నం భాగవతారు హరికథగా చెప్పిన ఘట్టాన్నే రాత్రికి వీధినాటకంగా కడతారు. బకాసుర వధ, ద్రౌపదీ కల్యాణం, రాజసూయం, ఉత్తర గోగ్రహణం, కర్ణ మోక్షం ఒకదాని తర్వాత ఒకటి రోజుల తరబడి సాగుతాయి. అర్జున తపస్సు నాడు నిలువెత్తు మాను పాతుతారు. వేషం కట్టిన మనిషి పద్యం పాడుతూ, ఒక్కొక్క మెట్టు దగ్గర ఆగుతూ పైకెక్కుతాడు. కింద బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళు తడిబట్టలతో కొంగు పట్టుకుని ఉంటారు. పైనుంచి అతను విసిరే పండు ఎవరి కొంగులో పడుతుందా అని వేల కళ్ళు ఒక్కసారిగా పైకి లేస్తాయి. నిచ్చెన లేదు, వల లేదు. ఆ గొంతు వణికితే అందరి ఊపిరీ ఆగుతుంది. దీన్ని సెల్లులో చూపించండి, చూద్దాం!

దుర్యోధన వధ నాటి ఉదయం ఇంకా చూడాలి. నేల మీద మట్టితో పెద్ద బొమ్మను వెల్లకిలా పడుకోబెట్టి, రంగులు పూసి, మీసాలు దిద్దుతారు. భీముడూ దుర్యోధనుడూ ఆ బొమ్మ చుట్టూ, ఆ బొమ్మ మీదా గదలతో పరుగులు పెడతారు. తొడ దగ్గర ముందే పూడ్చిపెట్టిన ఎర్రనీళ్ళు చిమ్మేసరికి ద్రౌపది వచ్చి జుట్టు ముడేసుకుంటుంది. ఆడేవాళ్ళెవరనుకున్నారు? పగలు మండీలో టమోటా బాక్సులు మోసేవాళ్ళు, మగ్గం మీద కూర్చునేవాళ్ళు, ఆటో తోలేవాళ్ళు. అటువంటి ఒకాయన వేషం కట్టుకుంటుంటే పక్కన కూర్చుని చూసినాను. పగిలిన అద్దం ముక్కను మోకాలికి ఆనించుకుని, ముఖానికి అర్దళం పట్టించి, దాని మీద సన్నటి పుల్లతో నామం దిద్దుకుంటున్నాడు. భుజకీర్తులు బిగించేటప్పుడు మాత్రం మాట్లాడవద్దన్నాడు. అవి ఎక్కినాక తాను తాను కాదట. కాసేపటికి ఇద్దరు తెర పట్టుకున్నారు. తెర వెనక నుంచి ముందు గజ్జెలు వినిపించినాయి, తర్వాత గొంతు, ఆ తర్వాతే మనిషి కనబడ్డాడు. పొద్దున బాక్సులు దించినవాడే ఇతనంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

ఇంత విద్య పల్లె మిట్టల మీద బతికి ఉంది. మీ పట్టణాల్లోకి వచ్చేసరికి దానికి కాలు పెట్టే జాగా దొరకదు. ఎందుకని?

మదనపల్లె వారితో ఒక మాట. 1919 ఫిబ్రవరి చివర రవీంద్రనాథ్ ఠాగూర్ మన ఊరికి వచ్చిన సంగతి మీ ప్రతి ఉపన్యాసంలోనూ ఉంటుంది. 1915లో అనీబిసెంటు స్థాపించిన కాలేజీకి అప్పుడు జేమ్స్ కజిన్స్ ప్రిన్సిపాలు. అక్కడ విద్యార్థులు వారానికోసారి రాత్రిపూట కూడి పాటలు పాడుకునే అలవాటుండేది. అట్లా కూడినప్పుడే కవి 'జనగణమన' పాడి వినిపించినారు, పిల్లలు గొంతు కలిపినారు. ఆ ఊళ్ళో ఉండగానే ఫిబ్రవరి 28న దాన్ని ఇంగ్లీషులో తన చేత్తో రాసిచ్చినారు. ఐర్లండు నుంచి వచ్చిన సంగీత విద్వాంసురాలు మార్గరెట్ కజిన్స్ కూర్చుని దాని బాణీకి స్వరాలు రాసిపెట్టింది. దేశమంతా ఇవాళ లేచి నిలబడే పాటతో మన ఊరికి ఉన్న సంబంధం ఇది. ఇందులో మీరు గమనించనిది ఒకటుంది. ఆ రాత్రి అక్కడ ముఖ్య అతిథి సన్మానం లేదు, ఫ్లెక్సీ లేదు. వారం వారం పాడుకునే ఒక అలవాటు, దానికో గది, వినే నలుగురు పిల్లలు, ఉన్నవి అవే. కవి వచ్చి ఆ అలవాటులో ఒకడుగా కలిసిపోయినాడు. మీరు ఠాగూర్ ఫొటోకు దండ వేస్తున్నారు సరే, ఆ పాటల రాత్రిని ఎక్కడ దాచిపెట్టారు? 1961లో ఆయన శతజయంతి అని హైదరాబాదుకు రవీంద్రభారతి వచ్చింది. ఆయన స్వయంగా పాడిన ఊళ్ళో, ఆయన పేరుతో కాకపోతే పోనీ, ఎవరి పేరుతోనైనా సరే, ఏడాది పొడుగునా పాటకూ నాటకానికీ తలుపు తెరిచి ఉండే మున్సిపల్ రంగస్థలం ఏదో వేలుపెట్టి చూపించండి.

పుంగనూరు పెద్దలకు ఇంకో పేరు గుర్తుచేస్తాను. చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్ళై. పేరులో చిత్తూరు ఉన్నా పుట్టింది మీ పుంగనూరులోనే, 1898లో. కాంచీపురం నాయన పిళ్ళై దగ్గర శిష్యరికం చేసి, లయలో మహా గట్టివాడని దక్షిణాదంతా పేరు తెచ్చుకుని, 1954లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి అందుకున్న మనిషి. పుంగనూరు ఆవు గురించి దేశమంతా తెలుసు, సంతోషం. పుంగనూరు పాట గురించి పుంగనూరులోనే ఎందరికి తెలుసు? మీ బడిపిల్లల్లో ఒక్కరినైనా నిలబెట్టి అడిగి చూడండి. సుగుటూరు గంగమ్మ జాతరకు ఊరు ఊరంతా కిక్కిరిసిపోతుంది కదా, ఆ జనం ముందు ఒక గంట ఆయన పేరుతో కచేరీ పెట్టించడానికి ఏమంత కష్టం? డీజే పెట్టెకు దొరికే దారి మృదంగానికి ఎందుకు దొరకదు?

కుప్పం సంగతి వేరు. మీది కొత్త మున్సిపాలిటీ, తొలి ఎన్నికలు జరిగింది 2021లో. ఇంకా అలవాట్లు పడుతున్న వయసు, అందుకే మీ మీద నాకు ఆశ ఎక్కువ. 1997లో మీకు ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చింది. అక్కడ జానపద విజ్ఞానం పాఠంగా చెబుతారు. తెలుగు, తమిళం, కన్నడం మూడూ సంతలో ఒకే బేరంలో కలిసిపోయే ఊరు మీది. తమిళుల తెరుక్కూత్తు, కన్నడిగుల యక్షగానం, మన వీధినాటకం ఒకే వేదిక మీద వరసగా మూడు రాత్రులు ఆడితే, అనువాదం అవసరం లేకుండా అర్థం చేసుకునే ప్రేక్షకులు ఈ దేశంలో ఇంకెక్కడ దొరుకుతారు? క్యాంపసులో చదువుకునే కళ ఊళ్ళోకి రావడానికి ఎవరు అడ్డం? మే నెలలో గంగమ్మ జాతరకు లైట్లు కట్టించే చేత్తోనే ఈ పని కూడా మొదలుపెట్టవచ్చు. యూనివర్సిటీ చూసుకుంటుందని మీరు, మున్సిపాలిటీ చూసుకుంటుందని వాళ్ళు అనుకుంటూ కూర్చుంటే మాత్రం ఏ వేషమూ లేవదు.

నేను నాటకం చూడాలంటే బెంగుళూరు బస్సెక్కుతాను. మన మూడు ఊళ్ళ వాళ్ళకు అది కొత్త కాదు. కుప్పంలో పొద్దున్నే రైలెక్కి బెంగుళూరులో పని చేసుకుని రాత్రికి తిరిగివచ్చేవాళ్ళు ఎందరో. ఆ ఊరు మన చెమటను తీసుకుంటుంది. దాని సాయంత్రాలు మాత్రం మన వాళ్ళకు అందవు, తిరుగు బండి టైమైపోతుంది. అక్కడ జె.పి. నగర్‌లో రంగశంకర అని ఒక నాటకశాల ఉంది, 2004లో మొదలైంది. పెద్దది కాదు, కొన్ని వందల సీట్లు. అక్కడి పద్ధతి చూడాలి. చెప్పిన టైముకు తలుపు మూస్తారు, తర్వాత వచ్చినవారు ఎంతటివారైనా బయటే. దీపాలారిపోయాక మూడు నిమిషాల పాటు ఎవరూ దగ్గరు కూడా. అక్కడ నేను చూసిన ఒక కన్నడ నాటకంలో ఒక ముసలి తండ్రి ఏమీ మాట్లాడకుండా చెప్పులు వేసుకుంటున్నాడు. ఒక కాలికి ఎక్కింది, రెండో కాలికి ఎక్కలేదు. వంగలేకపోతున్నాడు. నా పక్కన కూర్చున్న కుర్రవాడు తెలియకుండానే సీట్లోంచి ముందుకు వంగాడు, పోయి సాయం పడదామన్నట్టు. సినిమాలో ఎవరూ అట్లా వంగరు. వంగినా లాభం లేదని లోపల తెలిసే ఉంటుంది. ఇక్కడ ఆ మనిషి నిజంగా పది అడుగుల్లో ఉన్నాడు, చెప్పు నిజంగానే ఎక్కడం లేదు. బతికున్న మనిషి బతికున్న మనుషుల ముందు ఆడటమంటే ఇదీ. మదనపల్లెలో పుట్టిన పిల్లవాడు ఈ అనుభవం కోసం పొరుగు రాష్ట్ర రాజధానికి పోవలసిందేనా?

అది మహానగరం, మనకెక్కడ కుదురుతుందంటారేమో. కోలారు మహానగరమా? మనకు కూతవేటు దూరం. అక్కడ టి. చెన్నయ్య రంగమందిరం ఉంది. మనకున్న వానలే వాళ్ళకున్నాయి, మన టమోటాలే వాళ్ళూ పండిస్తారు. ఇంకో దిక్కుకు చూస్తే కడప జిల్లాలో సురభి అనే పల్లె ఉంది. 1885లో అక్కడ వనారస గోవిందరావు 'కీచకవధ' ఆడించడంతో మొదలై, తరతరాలుగా కుటుంబాలకు కుటుంబాలే నాటకం మీద బతికిన సమాజం ఆ పల్లె పేరునే పెట్టుకుంది. అంటే ఈ గాలిలో నాటకం లేక కాదు. మన గోడల మధ్యకు దాన్ని రానివ్వడం లేదంతే.

ఇక రాత్రి పది గంటల సంగతి. ఆ నిబంధనతో నాకు పేచీ లేదు. పరీక్షల పిల్లలకు, ముసలివాళ్ళకు, ఆసుపత్రుల్లో ఉన్నవాళ్ళకు నిద్ర కావాలి. నా పేచీ అల్లా దాన్ని మీరు సగమే చదువుకున్నారని. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల్లో అయిదోది తీసి పూర్తిగా చదవండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వద్దంటూనే, ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు లాంటి మూసివున్న చోట్ల లోపలివాళ్ళ కోసం వాడుకోవచ్చని అందులోనే ఉంది. సాంస్కృతిక, మత సంబంధమైన ఉత్సవాలకు ఏడాదికి మొత్తం 15 రోజులు మించకుండా రాత్రి 12 దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. 2005లో సుప్రీంకోర్టు కూడా ఈ వెసులుబాటును కొట్టెయ్యలేదు. ఆ 15 రోజుల్లో మన జాతర రాత్రులు, భారతం రాత్రులు ఉండాలని మీలో ఒక్కరైనా ప్రభుత్వానికి ఒక ఉత్తరం రాశారా? పైకప్పున్న హాలొకటి కట్టి ఉంటే అసలీ గొడవే లేదు కదా? చట్టం దారి చూపిస్తుంటే మీరు అడ్డం మాత్రమే చూస్తున్నారు. ఈ సందర్భంలో మా కళాకారులకూ ఒక మాట చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. మైకు రాకముందు వీధినాటకం తెల్లవార్లూ గొంతు మీదా ముఖవీణ మీదా నడిచింది. ఇప్పుడు ప్రతి వేషగాడి మెడలోనూ ఒక మైకు వేలాడుతోంది, గజ్జెల చప్పుడు ఎటుపోయిందో తెలియదు. నాలుగు వందల మంది కూర్చునే హాల్లో మైకు లేకుండా ఆడి చూపించగలిగితే మీరు అడిగేదానికి ఇంకా బలం ఉంటుంది.

డబ్బులు లేవనే మాట దయచేసి అనకండి. స్వాగత తోరణాలకు ఉన్నాయి. కూడళ్ళలో ఫౌంటెన్లకు ఉన్నాయి, అవి ఎన్నాళ్ళు నీళ్ళు చిమ్మినాయో మీకే తెలుసు. నేనడిగేది రవీంద్రభారతి కాదు. ఊరికొక హాలు, గట్టి చెక్కవేదిక, రెండు వైపులా తెరలు, ఆడవాళ్ళు వేషం మార్చుకోవడానికి తలుపున్న గది, బాత్రూములో నీళ్ళు. అన్నిటికన్నా ముఖ్యం, పెళ్లిళ్ళకు ఇవ్వకూడదన్న కౌన్సిలు తీర్మానం. ఇది లేకపోతే మొదటి ముహూర్తాల సీజన్లోనే ఆ హాలు మనది కాకుండా పోతుంది. ఎన్ని ఊళ్ళలో కళాక్షేత్రాలు కల్యాణ మండపాలైపోయినాయో లెక్క తీసేవారు లేరు.

హాలు కట్టేదాకా ఆగనక్కర్లేదు కూడా. మున్సిపల్ హైస్కూలు ఆవరణ రాత్రిపూట ఖాళీగానే ఉంటుంది. నెలకొక శనివారం మదనపల్లెలో, ఇంకొకటి పుంగనూరులో, మరొకటి కుప్పంలో అని మీ మూడు ఆఫీసులూ ఒకే క్యాలెండరు వేసుకోండి. ఒక చోట ఆడిన సమాజం మిగతా రెండు చోట్లా ఆడుతుంది, ఖర్చు పంచుకున్నట్టుంటుంది. కళాకారుడి పారితోషికం ఆ రాత్రే, వేషం తీసేలోపే చేతిలో పెట్టండి. బిల్లు పెట్టుకుని ఆర్నెల్లు తిరగమనకండి. శాలువా కప్పి ఫొటో దిగి పంపించే పద్ధతికి స్వస్తి చెప్పండి. శాలువాలు వాళ్ళ ఇళ్ళల్లో బీరువా పట్టనన్ని ఉన్నాయి. టికెట్టు పదో ఇరవయ్యో పెట్టండి, ఊరికే వచ్చినదానికి మన జనం విలువ ఇవ్వరని నా అభిప్రాయం, కొందరు మిత్రులు ఒప్పుకోకపోయినా సరే. బడిపిల్లలకు మాత్రం ఉచితం. ఇంకొక్క విన్నపం. ఆ రాత్రులు మీలో ఎవరైనా రాదలుచుకుంటే, వేదిక మీదికి కాకుండా ముందు వరసలోకి రండి. టైముకు రండి.

ఇవన్నీ అసాధ్యమైన కోరికలా? మీ ఊరి పన్ను కట్టే మనిషి, ఆ ఊళ్ళో పని ముగించుకుని సాయంత్రం ఆరు తర్వాత కుటుంబంతో పోగలిగిన చోటు బజ్జీల బండి, సినిమా హాలు, గుడి తప్ప ఇంకేముందో ఒకసారి ఆలోచించారా? ఉన్న వీధినాటక మేస్టర్లు ముసలివాళ్ళైపోతున్నారు. చూసేవాళ్ళున్నారని తెలిస్తేనే వాళ్ళ పిల్లలు గజ్జె కడతారు. లేకుంటే రైలెక్కుతారు.

ఈ ఉత్తరానికి నాకు విడిగా జవాబు రాయనక్కర్లేదు. వచ్చే బడ్జెట్టులో పన్నెండో షెడ్యూలు పదమూడో అంశం కింద ఎంత కేటాయించారో, ఏ పనికో, ఏ తేదీకో ఒక కాగితం మీద అచ్చు వేయించి మీ ఆఫీసు నోటీసు బోర్డుకు అంటించండి. మూడు ఊళ్ళ నాటక సమాజాల వాళ్ళమూ వచ్చి చదువుకుంటాం. సున్నా అని ఉన్నా సరే, అంటించండి.

ఇట్లు,
మదనపల్లె నుంచి ఒక ప్రేక్షకుడు